సుభద్రగారు అడిగిన గడి

ఈ ఫిబ్రవరిలో, టాక్స్ సీజన్ అప్పుడే వేడెక్కుతున్న రోజుల్లో, నా బల్లకి అవతల కూర్చున్న ఒకామె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న డబ్బా తీసి ఎండు ఉసిరి ముక్క నోట్లో వేసుకుంది. ఉప్పూ పులుపూ కలిసిన ఆ వాసన బల్ల దాటి నా దాకా వచ్చింది. కీబోర్డు మీద నా వేళ్ళు ఆగిపోయాయి. "తీసుకుంటారా అండీ?" అని ఆమె డబ్బా ముందుకు జరిపింది. వద్దన్నాను. ఆ వాసన నాకు తెలిసిన ఒక మనిషిది. ఆవిడ పోయి నాలుగు చలికాలాలు దాటినా, ఇంకొకరి డబ్బాలోంచి ఆ వాసన రావడం నాకు నచ్చలేదు. సుభద్రగారి విషయంలో మొదటినుంచీ నాది కాస్త ఓర్వలేని బుద్ధి. ఇది చదివేవాళ్ళకి ఆవిడ తెలియదు. ఆవిడ గురించి చెప్పాలంటే నా కుళ్ళు గురించి కూడా చెప్పక తప్పదు.

సుభద్రగారిది తెనాలి. నేను ఎరిగేనాటికే యాభై దాటాయి. భర్త పోయారు, పిల్లలు లేరు, మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక అక్క ఉండేది. ఇక్కడ ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద, ఒక మిఠాయి కొట్టు పైనున్న గదిలో కూర్చుని టాక్స్ రిటర్నులు చేసేవారు. జనవరి చివరినుంచి ఏప్రిల్ నడిమిదాకా తెలుగువాళ్ళు ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉండేవాళ్ళు. నేత చీర, దానిమీద మగవాళ్ళ స్వెట్టరు, కాళ్ళకి మంచు బూట్లు, ఇదీ ఆవిడ వేషం. పొద్దస్తమానం మాట్లాడితే గొంతు ఎండిపోతుందని ఉసిరి ముక్క చప్పరిస్తూ ఉండేవారు. ఆవిడకి ఒక పంతం ఉండేది. భార్యాభర్తలు కలిపి వేసే రిటర్నుకి ఇద్దరూ రావాల్సిందే. మన ఇళ్ళల్లో టాక్స్ అంటే మగవాళ్ళ పని. హెచ్-1బి ఉద్యోగ వీసా వాళ్ళది, జీతం వాళ్ళది, కాగితాలు వాళ్ళవి. డిపెండెంట్ వీసా మీద వచ్చిన భార్య చూపించిన చోట సంతకం పెడుతుంది. సుభద్రగారి దగ్గర అది కుదరదు. ఒక్కడే వచ్చిన మొగుణ్ణి కూర్చోమని కూడా అనకుండా వెనక్కి పంపేవారు.

మేం ఎడిసన్ వచ్చిన రెండో ఏడు మా ఆయన మురళి అలాగే ఫైలు పట్టుకుని వెళ్ళి, మొహం మాడ్చుకుని తిరిగొచ్చాడు. "నువ్వూ రావాలంట. నీకు ఇన్‌కమే లేదు, నువ్వొచ్చి ఏం చేస్తావు అంటే వినదు," అన్నాడు. వెళ్ళాను. ఒళ్ళో బ్యాగు పెట్టుకుని గోడమీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ మురళిని అడగాల్సినవన్నీ అడిగి, టైపు చేసి, అంతా అయ్యాక స్క్రీను నా వైపు తిప్పారు.

"ఇదొక్కటి నువ్వు చెప్పాలమ్మా," అన్నారు. "స్టేట్ రిటర్న్ చివర ఈ గడి ఉంది, చూడు. మీకు రావాల్సిన రిఫండ్‌లోంచి ఎంతో కొంత ఫుడ్ బ్యాంకులకి ఇవ్వొచ్చు. తిండికి కటకటగా ఉన్నవాళ్ళకి అక్కడ ఊరికే సరుకులిస్తారు. ఇచ్చి తీరాలని ఏమీ లేదు. ఇవ్వకపోతే ఎవరూ ఏమీ అనరు. ఎంత వేయమంటావు?"

"జీరో పెట్టేయండి," అన్నాడు మురళి, ఫోన్ చూసుకుంటూ.

"మిమ్మల్ని అడగలేదు బాబూ."

ఆ గొంతులో కోపమూ లేదు, వెటకారమూ లేదు. ఆ మాట అనేసి, రెండు చేతులూ బల్లమీద పెట్టుకుని, నా వైపే చూస్తూ ఆగారు. తొందరపెట్టలేదు, సాయం చెయ్యలేదు. పెళ్ళికి ముందు విజయవాడలో ఒక బ్యాంకు కౌంటర్లో కూర్చుని రోజంతా అంకెలతోనే బతికినదాన్ని నేను. అమెరికా వచ్చాక ఇంటద్దెలో, కారులో, క్రెడిట్ కార్డులో, ఏ అంకెలోనూ నా మాట లేదు. మురళి చెడ్డవాడు కాదు. వద్దని ఎప్పుడూ అనలేదు, అడగాలని తోచలేదంతే. అంతకాలానికి ఒక మనిషి నన్ను ఎంత అని అడిగి, జవాబు కోసం కాచుకుని కూర్చుంది. "ఇరవై ఐదు," అన్నాను. మురళి తలెత్తి చూశాడు. సుభద్రగారు మెచ్చుకోలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు. "సరే, ఇరవై ఐదు," అని వేసి, సంతకాలకి కాగితం తిప్పారు. ఆ మెట్లు దిగుతుంటే నాకు ఒళ్ళు తేలికయింది. రాత్రి పప్పు పోపు వేస్తూ కూడా అదే తలుచుకున్నాను. నాలో ఏదో చూసే ఆవిడ అలా అడిగారని గట్టిగా నమ్మాను.

ఆ నమ్మకం మీద కొన్నేళ్ళు బతికాను. ఏటా ఆ రోజుకి మంచి చీర కట్టుకునేదాన్ని. ఈసారి ఎంత చెప్పాలా అని దీపావళినుంచే ఆలోచించేదాన్ని. మా అమ్మాయి పుట్టిన ఏడు చంటిపిల్లని ఎత్తుకుని మరీ మెట్లెక్కాను. తర్వాత నాకు వర్క్ పర్మిట్ వచ్చింది. మురళి తన ఆఫీసులో టెస్టింగ్ ఉద్యోగం చూస్తానన్నా వినకుండా, నేరుగా సుభద్రగారి దగ్గరికి వెళ్ళి పనిలో పెట్టుకోమన్నాను. "బ్యాంకులో చేశావుగా, రా," అన్నారు, అంతే. కిటికీ పక్కన నాకో బల్ల వేయించారు.

మొదటి శనివారం కాపీలు తీస్తూ మెషీన్ దగ్గర నిలబడి ఉన్నాను. ఆవిడ ముందు ఒక కొత్త జంట కూర్చుని ఉంది. భర్త పని అయిపోయాక ఆవిడ స్క్రీను ఆ అమ్మాయి వైపు తిప్పి, "ఇదొక్కటి నువ్వు చెప్పాలమ్మా," అన్నారు. నాతో అన్న మాటే. అదే గొంతు. ఇవ్వకపోతే ఎవరూ ఏమీ అనరు అన్న చోట అదే చిన్న ఆపు. భర్త ఏదో అనబోతే, "మిమ్మల్ని అడగలేదు బాబూ," కూడా అదే. ఆ జంట వెళ్ళింది, ఇంకో జంట వచ్చింది, మళ్ళీ అదే. సాయంత్రానికి నా కడుపు మండిపోయింది. నాకొక్కదానికే దొరికిందనుకుని ఇన్నేళ్ళు దాచుకున్నది ఆవిడ ఊరందరికీ పంచిపెడుతున్నారు.

"నాతో అన్నట్టే అంటున్నారే అందరితోనూ," అన్నాను, తాళం వేస్తుంటే.

సుభద్రగారు నా మొహంలోకి చూశారు. ఆవిడకి అర్థమైంది, నాకు తెలుసు. "గడి ఒకటే కదమ్మా, వేరే ఎట్లా అడగను?" అన్నారు.

అప్పటినుంచి ఆవిడ ఎవర్ని ఎలా అడుగుతారో ఓ చెవి వేసి వింటూనే ఉండేదాన్ని. నేను పెద్ద అంకె చెప్పినప్పుడు ఎలా వేశారో, కరీంనగర్ నుంచి వచ్చిన ఒక పిల్ల ఐదు అంటే అంతే శ్రద్ధగా వేశారు. వద్దన్నవాళ్ళకి కూడా "సరే, సున్నా," అని అదే గొంతుతో చెప్పి, వాళ్ళు కుర్చీలోంచి లేచేటప్పుడు చలికి మఫ్లర్ కట్టుకోమని గుర్తుచేసేవారు. నాకది మింగుడుపడేది కాదు. ఎక్కువ ఇచ్చినవాళ్ళని కాస్తయినా ఎక్కువ చూడాలి కదా అనిపించేది. నా బల్ల దగ్గర నేను వేరే పద్ధతి పెట్టాను. ఫుడ్ బ్యాంకులు ఏం చేస్తాయో, ఎంతమందికి ఆసరానో, మనకి కాఫీ ఖర్చే కదా అనీ వివరంగా చెప్పేదాన్ని. మొగుళ్ళు గడియారం చూసుకునేవాళ్ళు, పెళ్ళాలు మొగుళ్ళ వంక చూసేవాళ్ళు. చివరికి జీరో అనేవాళ్ళు. పైగా కొందరు ఆడవాళ్ళు నా బల్ల ఖాళీగా ఉన్నా గోడవార కుర్చీల్లో కూర్చుని, "పర్లేదండీ, సుభద్రగారి దగ్గరే చేయించుకుంటాం," అనేవాళ్ళు. వాళ్ళని చూసి నేను కళ్ళలో నిప్పులు పోసుకునేదాన్ని. అడిగేది ఆవిడైతేనే కావాలి వాళ్ళకి, అచ్చం నాలాగే.

సింధు వచ్చింది ఆ తర్వాత. వరంగల్ పిల్ల. అమెరికా పడమటి తీరాన రెడ్‌మండ్‌లో కాపురం చెడి, విడాకులు తీసుకుని, ఎడిసన్‌లో అన్న దగ్గరికి వచ్చి చేరింది. మాట్లాడితే గొంతు పెగిలేది కాదు. అలాంటిదాన్ని ఈ పనిలోకి ఎందుకు తీసుకున్నారో నాకు అర్థం కాలేదు. రెండు వారాలు తిరక్కుండా సుభద్రగారి టిఫిన్ డబ్బాలో సగం సింధుదైంది. నేను అడిగితే తప్ప నాకు ఉసిరి ముక్క పెట్టని ఆవిడ, సింధు బల్లమీద ఏకంగా ఒక పొట్లం పెట్టారు. ఆ పిల్ల స్క్రీను తిప్పి, నసుగుతూ, "అక్కా, ఇది మీరు చెప్పాలె," అనేది. తర్వాత ఇంక మాట రాక ఊరుకునేది. ఆడవాళ్ళు ఆలోచించుకుని ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. చేతగానితనం కూడా ఇంత కలిసిరావాలా అని లోపల్లోపల ఏడ్చుకునేదాన్ని.

ఒక జనవరిలో, సీజన్ మొదలయ్యే ముందు, సుభద్రగారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టారు. "మోకాళ్ళు మెట్లెక్కనివ్వట్లేదు. ఏప్రిల్ అయ్యాక అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. ఈ గదీ, ఈ జనమూ మీలో ఒకరికి అప్పజెప్పి వెళ్తాను. ఇద్దరికి చాలే పని కాదిది." నాకు ఆశ పుట్టింది. జీతం మాట కాదు, మురళి జీతంతో మాకు గడుస్తుంది. నాకు ఆవిడ కుర్చీ కావాలి. ఓక్ ట్రీ రోడ్డు మీద ఎవరైనా సుభద్రగారి తర్వాత ఎవరు అంటే నా పేరు చెప్పాలి. నేను సీనియర్ని, పని తెలిసినదాన్ని, అన్నిటికీ మించి ఆవిడ ముందుగా అడిగింది నన్ను. సింధు ఏం చేసిందని?

మార్చిలో ఒక జంట వచ్చింది. భర్తకి లేఆఫ్ అయి, వీసా గడువు దగ్గరపడుతోందని మాటల్లో తెలుస్తూనే ఉంది. సింధు వాళ్ళ రిటర్ను ముగించి, అలవాటుగా స్క్రీను ఆ అమ్మాయి వైపు తిప్పి అడిగింది. ఆ అమ్మాయి చాలాసేపు స్క్రీను చూసింది. తర్వాత తలదించుకుని, "రెండు నెలల్నించి మేమే అక్కడికెళ్ళి సరుకులు తెచ్చుకుంటున్నాం అక్కా," అంది. భర్త మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అయిపోయింది సింధు పని, అనుకున్నాను. నిజం చెప్పాలంటే లోపల సంతోషం వేసింది. మనిషిని చూడకుండా అడిగితే ఇంతే మరి. సింధు ఒక మాట సర్దిచెప్తుందేమోనని చూశాను. అది చేతులు బల్లమీద పెట్టుకుని అలాగే కూర్చుంది. నేను ఉండబట్టలేక లేచి వెళ్ళాను.

"మీరేం ఇవ్వక్కర్లేదమ్మా, పర్వాలేదు," అని ఆ అమ్మాయి భుజమ్మీద చెయ్యి వేశాను. "సింధూ, జీరో పెట్టెయ్."

అవతలి బల్ల నుంచి, తన స్క్రీను మీంచి చూపు తిప్పకుండానే, సుభద్రగారు అన్నారు: "నిన్ను అడగలేదు పద్మజా."

మొగుళ్ళతో అనే మాట. అదే గొంతు, కోపం లేకుండా. నా చెయ్యి ఆ అమ్మాయి భుజమ్మీదే ఉండిపోయింది. తీసేసుకున్నాను. కింద కొట్లో బూరెల మూకుడు చప్పుడు వినిపిస్తోంది. అప్పుడు ఆ అమ్మాయి తలెత్తి, సింధుని చూసి, "రెండు వేయండి," అంది. "రెండు డాలర్లు."

"సరే అక్కా, రెండు," అంది సింధు.

నేను చేసింది తప్పని ఇప్పటికీ అనను. ఎవరైనా అదే అంటారు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర సుభద్రగార్ని నిలదీశాను కూడా. "తిండికి లేనిదాన్ని దానం అడగడం ఏం న్యాయమండీ?"

"దానం ఎవరడిగారు? ఎంత అని అడిగాం," అన్నారు ఆవిడ, మజ్జిగన్నం కలుపుకుంటూ. "సున్నా వేస్తే వేస్తుంది. అది తను చెప్పాలి. తన తరఫున చెప్పేవాళ్ళు ఇంట్లో చాలామందే ఉంటారు."

ఏప్రిల్లో సీజన్ అయిన మర్నాడు గది తాళాలు సింధు చేతిలో పెట్టారు. నేను అక్కడే ఉన్నాను. సింధు నాకంటే ఎక్కువ బిత్తరపోయింది. సుభద్రగారు నన్ను మెట్ల దాకా పిలిచి, "నువ్వు సొంతంగా పెట్టుకోగలవు పద్మజా. ఆ పిల్ల పెట్టుకోలేదు," అన్నారు. మెచ్చుకోలని తర్వాత చాలామంది నాకు చెప్పారు. నేనలా తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోలేను. కాళ్ళు గట్టిగా ఉన్నాయని ఒక కూతుర్ని నడిపించి, ఇంకో కూతుర్ని చంకనెత్తుకున్నట్టు. నడిచే కూతురికి మాత్రం చంక వద్దా? మెట్లు దిగొచ్చాను. ఆవిడ ఫార్మింగ్టన్ హిల్స్ వెళ్ళే రోజు ఎయిర్‌పోర్టుకి సింధు డ్రైవ్ చేసిందని విన్నాను. నేను వెళ్ళలేదు.

ఆ ఎండాకాలమే రెండు మైళ్ళ అవతల, ఒక లాండ్రీ పక్కన, నా సొంత ఆఫీసు తెరిచాను. కొందరు నాతో వచ్చారు, చాలామంది సింధు దగ్గరే ఉండిపోయారు. నా ఆఫీసులో కూడా ఇద్దరూ రావాల్సిందే. వివరంగా చెప్పడం మానేశాను. స్క్రీను తిప్పుతాను, అడుగుతాను, నోరు మూసుకుంటాను. ఆ ఆగడం నాకు ప్రాణాంతకంగా ఉండేది మొదట్లో. ఎవరి నోట్లోనో మాట పెట్టెయ్యాలని నాలుక దురద పెట్టేది. ఎప్పుడైనా ఎవరైనా "సింధుగారు కూడా ఇలాగే అడుగుతారండీ," అంటే ఆ పూటంతా నాకు మనసు మనసులో ఉండేది కాదు. సుభద్రగారితో దసరాకీ ఉగాదికీ ఫోన్లో మాట్లాడేదాన్ని. మోకాళ్ళ గురించీ, మిషిగన్ మంచు గురించీ మాట్లాడుకునేవాళ్ళం. సింధుకే ఎందుకిచ్చారని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే చెప్తారని భయం.

ఆవిడ పోయినట్టు సింధు ఫోన్ చేసి చెప్పింది. ఏడుస్తూనే ఒక సంగతి గమనించాను: ఆఖరి కబురు కూడా ముందు దానికే వెళ్ళింది.

పన్నెండో రోజు దాటాక ఒక ఆదివారం, ఎడిసన్‌లో ఒక హాలు తీసుకుని అందరం కలిశాం. ఒక్కొక్కరూ లేచి మాట్లాడారు. మగవాళ్ళు ఆవిడ నిక్కచ్చితనం గురించి చెప్పారు. ఆడవాళ్ళు మాత్రం ఒకే కథ చెప్పారు. మా ఆయన పక్కనుండగా నావైపు తిప్పి నన్నడిగారు, అని. ఆ రోజు చెప్పిన అంకె ఒక్కరూ మర్చిపోలేదు. ఒకామె పదిహేను అంది, ఒకామె ఏడు అంది, ఒకామె సున్నా అన్నానని చెప్పి ఏడ్చింది. నా కథని ఇంతమంది తలా ఒకసారి నా ముందే చెప్తుంటే వినలేకపోయాను. నా ఇరవై ఐదు నేను చెప్పలేదు. కాఫీ కలిపే వంకన వెనక వంటగదిలోకి వెళ్ళాను. అక్కడ సింధు ఒక్కతే, కప్పులు సర్దుతూ నిలబడి ఉంది.

"లోపలికి పోలేకపోతున్నక్కా," అంది. "అందరు చెప్తున్నరు కదా, నన్నడిగిన్రు, నన్నడిగిన్రు అని. నన్నెప్పుడు అడగలే ఆమె."

"నిన్ను అడగకపోవడమేంటి?" అన్నాను.

"నేను జాబ్‌కి వచ్చిన గానీ క్లయింట్‌గా రాలే కదా. నా రిటర్న్ నేనే యాప్‌ల చేసుకుంటుండె. దాంట్ల గూడ వస్తది ఆ బాక్స్. నెక్స్ట్ కొడితే పోతది. అడిగినట్టు ఉండదక్కా అది." కప్పు ఒకటి తుడిచిందే తుడుస్తోంది. "పెళ్ళైనన్నాళ్ళు అక్కడ గూడ ఎవ్వరు ఏం అడగలే నన్ను. ఆమె మీ గురించి చెప్పేది, ఇరవై ఐదు అన్నది మా పద్మజ, మొగుడు నోరు తెరిచిండు అని. మస్తు జెలసీ ఉండె నాకు మీ మీద."

కుర్చీ దానికి, తాళాలు దానికి, టిఫిన్ డబ్బాలో సగం దానికి, చావు కబురు దానికి. అన్నీ పుచ్చుకుని, నాకున్న ఆ ఒక్కదాని కోసం ఇన్నేళ్ళూ నా మీద ఏడ్చిందట. నాకు నవ్వొచ్చింది, కోపం వచ్చింది, దాన్ని దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. ఏమీ చెయ్యలేదు. "నీ కాగితాలు పట్టుకుని మార్చిలో నా ఆఫీసుకి రా," అన్నాను.

వచ్చింది. నా జనం చూస్తే ఏమనుకుంటారోనన్నట్టు, మధ్యాహ్నం ఎవరూ లేని వేళ చూసుకుని వచ్చింది. ఫెడరల్ రిటర్ను ముగించాను. స్టేట్‌ది కూడా చివరిదాకా చేశాను. నాకంటే ఎక్కువమందిని ఇదే అడిగిన మనిషి, తర్వాత ఏమొస్తుందో తెలిసిన మనిషి, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని పరీక్ష హాల్లో పిల్లలా కూర్చుంది. స్క్రీను తన వైపు తిప్పాను. "ఇదొక్కటి నువ్వు చెప్పాలి సింధూ. ఎంత వేయమంటావు?" అన్నాను. సింధు బ్యాగు పక్కన పెట్టి స్క్రీను దగ్గరికి జరిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చేతులు బల్లమీద పెట్టుకుని కూర్చున్నాను.

అప్పట్నుంచి ఏటా మార్చిలో వస్తుంది. మా రిటర్ను నేనే చేసుకుంటాను, మురళి సోఫాలో కూర్చుని ఎక్కడ సంతకం పెట్టాలని అడుగుతాడు. నన్ను అడిగేవాళ్ళు ఇంక లేరు. సింధు అంకె చెప్పడానికి ఎప్పుడూ చాలాసేపు తీసుకుంటుంది, నేను ఎప్పుడూ తొందరపెట్టను. కానీ ఆ ఆగినంతసేపూ, అవతలి కుర్చీలో కూర్చున్నది నేను కానందుకు దాన్ని చూసి కుళ్ళుకుంటూనే ఉంటాను.